తేలిక క్రాంకా, బ్యాలెన్స్ చేసిన క్రాంకా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు క్రాంక్‌షాఫ్ట్ గురించే. పిస్టన్లు పైకీ కిందికీ పోయే కదలికని గుండ్రటి తిరుగుడుగా మార్చే ఇరుసు అది, అందరం క్రాంక్ అంటాం. నాలుగూ ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉన్న మన తెలుగువాళ్ళవే. కాబట్టి ఈ పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న (గుణుపూర్ పాఠకుడు): అన్నయ్యా, నాది పాత మారుతి ఎస్టీమ్ కారు, 1300 సీసీ. ఇంజిన్ దింపించాను, బోరింగ్ (సిలిండర్లు లోపల తొలిచి సరిచేయడం) అయిపోయింది. లేత్ షాపతను క్రాంక్ కౌంటర్ వెయిట్లు (క్రాంక్ మీద ఎదురు బరువుగా ఉండే దిమ్మలు) చెక్కి రెండు కిలోలు తగ్గిస్తానంటున్నాడు, పికప్ అదిరిపోతుందట. ఇంజిన్ కట్టే మెకానిక్ ఏమో దాని జోలికే పోవద్దంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మెకానిక్ మాటే వినండి తమ్ముడూ. అలాగని లేత్ షాపతను చెప్పింది పూర్తిగా తప్పు కాదు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

క్రాంక్ ఎన్ని కిలోలుందన్నది సగం సంగతే, ఆ బరువు క్రాంక్ తిరిగే మధ్య గీతకి ఎంత దూరంలో ఉందన్నది అసలు సంగతి. తిరిగే వస్తువులో దూరం రెట్టింపైతే దాన్ని వేగం పుంజుకునేలా చేయడానికి పడే కష్టం నాలుగింతలవుతుంది. మధ్యనుంచి 2 సెంటీమీటర్ల దూరంలో ఒక కిలో తీస్తే వచ్చే లాభం కన్నా 8 సెంటీమీటర్ల దూరంలో అదే కిలో తీస్తే వచ్చే లాభం 16 రెట్లు. కౌంటర్ వెయిట్ అంచులు బయటే ఉంటాయి కాబట్టి అక్కడ చెక్కితే ఇంజిన్ చురుగ్గా లేస్తుంది, నిజమే. కానీ ఆ చురుకు కనిపించేది మొదటి, రెండో గేర్లలోనే. మొదటి గేరు నిష్పత్తి నాలుగో గేరుకి మూడింతలుంటే, తేడా అక్కడ తొమ్మిదింతలు తెలుస్తుంది, నాలుగో గేరుకొచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదు. హార్స్ పవర్ ఒక్కటి కూడా పెరగదు. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఘాట్ ఎక్కుతూ ఒకే స్పీడ్‌లో పోతున్నప్పుడు తేలిక క్రాంక్ మీకు ఇచ్చేదేమీ లేదు. పైగా ఎత్తు మీద ఆగి మళ్ళీ కదిలేటప్పుడు బరువుగా తిరిగే సామాను ఉంటేనే ఇంజిన్ ఆగిపోకుండా లాగుతుంది.

ఇంకో మాట. ఆ కౌంటర్ వెయిట్లు ఊరికే పెట్టలేదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 1, 4 క్రాంక్ పిన్నులు (పిస్టన్ రాడ్లు క్రాంక్‌ని పట్టుకునే చోట్లు) పైకుంటే 2, 3 కిందికుంటాయి, మొత్తం మీద ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. కానీ ఒక్కో పిన్ను తన పక్కనున్న మెయిన్ బేరింగ్‌ని (క్రాంక్ కూర్చుని తిరిగే ఆధారాన్ని) తన వైపు లాగుతూనే ఉంటుంది, ఆ లాగుడుని ఆపేవే ఈ కౌంటర్ వెయిట్లు. 2, 3 పిన్నులు రెండూ ఒకే వైపు ఉండి మధ్య బేరింగ్‌కి అటూ ఇటూ నిలబడతాయి, అందుకని ఎక్కువ దెబ్బ దానికే. కొన్నేళ్ళ కిందట నేనూ ఆశపడి ఒక ఇంజిన్‌కి ఇలాగే చెక్కించాను. రెండు నెలలు సరదాగా తిరిగింది, తర్వాత 5000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటితే కాళ్ళ కింద జుమ్మని మొదలైంది. విప్పి చూస్తే మిగతా షెల్స్ (బేరింగ్ లోపలి పలుచని రేకులు) బూడిద రంగులో బాగానే ఉన్నాయి, మధ్య మెయిన్ షెల్ మాత్రం పూత అరిగిపోయి కొత్త రాగి చెంబులా మెరుస్తోంది. వేలితో తడిమితే గీతలు తగిలాయి. ఆ షెల్ ఇప్పటికీ దాచి ఉంచాను, ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే చేతిలో పెడతాను.

మీకు పికప్పే కావాలంటే ఫ్లైవీల్ (క్రాంక్ చివర బిగించే బరువు చక్రం) అంచు దగ్గర కొంచెం తీయించండి. అది క్రాంక్ కన్నా వెడల్పు కదా, అదే కిలోకి లాభం ఎక్కువ, నచ్చకపోతే పాతది మళ్ళీ బిగించుకోవచ్చు. మరీ ఎక్కువ తీయించకండి, ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) వణుకుతుంది. మిగిలిన డబ్బు బ్యాలెన్సింగ్‌కి, అంటే తిరిగే సామాను బరువు అన్ని వైపులా సమానం చేయించడానికి పెట్టండి.

ప్రశ్న (రాయగడ పాఠకురాలు): నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి బ్యాలెన్సింగే అక్కర్లేదని మా ఊరి గ్యారేజీలో అన్నారు. నిజమేనా అన్నయ్యా?

జవాబు: సగం నిజం చెల్లెమ్మా. వీ8 (వి ఆకారంలో రెండు వరసల్లో ఎనిమిది సిలిండర్లుండే ఇంజిన్) క్రాంక్‌ని బ్యాలెన్స్ మెషీన్ మీద పెట్టేటప్పుడు పిన్నులకి ఉత్తుత్తి బరువులు కట్టాలి. గుండ్రంగా తిరిగే బరువు మొత్తం, పైకీ కిందికీ పోయే బరువులో మామూలుగా సగం లెక్కేసి కడతారు. ఒకే వరసలో నాలుగు సిలిండర్లుండే ఇంజిన్‌కి ఆ బరువులు అక్కర్లేదు, అంతే. క్రాంక్‌ని మాత్రం తిప్పి చూడాల్సిందే. ఒక చివర పైన పది గ్రాములు, ఇంకో చివర కింద పది గ్రాములు ఎక్కువుంటే ఆపి ఉంచినప్పుడు సమానంగానే కనిపిస్తుంది, తిరిగితేనే రెండు చివరలూ ఊగుతాయి. పది గ్రాములే కదా అనుకోవద్దు. 4 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పది గ్రాములు 3000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 4 కిలోల బరువంత లాగుతాయి, 6000 దగ్గర 16 కిలోలు, అదీ సెకనుకి వంద చుట్లు తిరుగుతూ. వేగం రెట్టింపు, లాగుడు నాలుగింతలు. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ (క్లచ్ భాగం) కూడా బిగించి చూపించండి, విప్పేముందు గుర్తు పెట్టించండి.

తర్వాత పిస్టన్లు. నేనైతే తెలిసినవాళ్ళ బంగారం కొట్టుకి తీసుకెళ్ళి తూస్తాను. నాలుగూ శుభ్రంగా తుడిచి, పిస్టన్ పిన్నులతో సహా. అన్నిటికన్నా తేలికైనదాన్ని పక్కన పెట్టి మిగతా మూడూ దానికి కలిసేదాకా లోపల పిన్ను పట్టేచోట దళసరిగా ఉన్న దగ్గర కొద్దికొద్దిగా అరగదీయాలి, నెత్తి మీద ముట్టుకోకూడదు. ఒక గ్రాము లోపల కలిస్తే చాలు. కనెక్టింగ్ రాడ్‌కి (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీకి) పెద్ద తల, చిన్న తల విడివిడిగా తూయాలి, ఎందుకంటే పెద్ద తల గుండ్రంగా తిరుగుతుంది, చిన్న తల పైకీ కిందికీ పోతుంది.

ఇంత చేసినా నాలుగు సిలిండర్లలో కొంచెం జుమ్మనడం ఉంటుంది. ఇంజిన్ వేగానికి రెట్టింపు వేగంతో వచ్చే ఆ వణుకు క్రాంక్ బ్యాలెన్స్‌తో పోదు. దానికోసమే మిత్సుబిషి 1970లలో రెండు అదనపు బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టింది.

ప్రశ్న (పర్లాకిమిడి ఇంజనీరింగ్ విద్యార్థి): ఫెరారీ వీ8 క్రాంక్ తేలిక, మామూలు అమెరికన్ వీ8 క్రాంక్ బరువు. రెండూ ఎనిమిది సిలిండర్లే కదా, ఎందుకలా?

జవాబు: పిన్నులు పెట్టిన తీరులో ఉంది. అమెరికన్ క్రాంక్‌ని చివరనుంచి చూస్తే పిన్నులు ప్లస్ గుర్తులా నాలుగు దిక్కులకీ ఉంటాయి. దానివల్ల క్రాంక్ ఒక చివరనుంచి ఇంకో చివరకి ఊగుతుంది, ఆ ఊపుని ఆపడానికి పెద్ద కౌంటర్ వెయిట్లు తప్పవు. బరువెక్కినా మెత్తగా తిరుగుతుంది. ఫెరారీ పిన్నులు మన నాలుగు సిలిండర్ల క్రాంక్‌లాగే ఒకే తలంలో, చివరనుంచి చూస్తే ఒకే గీతలో ఉంటాయి. బరువు తక్కువ, చురుకు ఎక్కువ, కానీ పైన చెప్పిన రెట్టింపు వేగపు వణుకు అలాగే ఉంటుంది. 2023 మోడల్ కార్వెట్ జెడ్06 స్పోర్ట్స్ కారులో అమెరికన్ కంపెనీ షెవర్లే కూడా ఈ దారికే వచ్చింది: 5.5 లీటర్లు, 670 హార్స్ పవర్, 8600 ఆర్‌పీఎం దాకా పోతుంది. అంత వేగం తట్టుకోవడానికి మిగతా ఇంజిన్‌ని కూడా దానికి తగ్గట్టే కట్టారు. క్రాంక్ ఒక్కటే మార్చి సాధించింది కాదు.

ప్రశ్న (జయపురం పాఠకుడు): క్రాంక్ ముందు పుల్లీ తీసేసి తేలికైన అల్యూమినియం పుల్లీ వేయొచ్చా?

జవాబు: ముందు పాత పుల్లీ అంచు చూడండి. లోపలి చక్రానికీ బయటి రింగుకీ మధ్య నల్లగా రబ్బరు కనిపిస్తే అది క్రాంక్ మెలితిరుగుడు వణుకుని మింగే డ్యాంపర్ అయ్యుండొచ్చు, దాన్ని ఉంచేయండి. ఆ రబ్బరు పగిలిపోయినా, బయటి రింగు పక్కకి జరిగినా మాత్రం కొత్తది వేయించండి.