టెక్ సందేహాలు: హెలికాప్టర్ కొక్కేనికి ఆ కడ్డీ ఎందుకు తాకిస్తారు?

ప్రశ్న: చినూక్ హెలికాప్టర్ గాలిలో నిలబడి ఫిరంగిని ఎత్తుకుపోయే వీడియో చూశాను. కింద ఉన్న జవాను కొక్కెం పట్టుకునే ముందు, పక్కనున్న మరో జవాను పొడవాటి కడ్డీతో దాన్ని ముట్టుకున్నారు. అది దేనికి?
- డిప్లొమా విద్యార్థి, ఖమ్మం

జవాబు: అందరూ ఫిరంగిని చూస్తుంటే మీ కన్ను కడ్డీ మీద పడింది. సంతోషం. ఆ కడ్డీ లేకపోతే కొక్కెం పట్టుకున్న జవాను షాక్ కొట్టి పడిపోవచ్చు. దువ్వెనతో పొడి జుట్టు దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అవి అంటుకుంటాయి కదా, ఇదీ అదే. రెక్కలు దుమ్మునూ మంచు రేణువులనూ రాసుకుంటూ తిరిగేసరికి హెలికాప్టర్ ఒళ్లంతా స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. చక్రాలు నేలను తాకవు కాబట్టి ఆ విద్యుత్తు నేలలోకి దిగడానికి దారి ఉండదు. ముందుగా ఎవరు ముట్టుకుంటే వారి శరీరమే దారి అవుతుంది.

అందుకే నేలలో ఇనుప మేకు దిగగొట్టి, దానికి తీగ బిగించి, ఆ తీగ రెండో కొసను కరెంటు పారని పిడి ఉన్న కడ్డీకి కలుపుతారు. మన ఇళ్లలో ఎర్తింగ్ చేసే పనే ఇది. ఒకసారి తాకించి తీసేస్తే చాలదు. రెక్కలు తిరుగుతున్నంతసేపూ విద్యుత్తు మళ్లీ చేరుతూనే ఉంటుంది కనుక, స్లింగ్ (ఫిరంగికి కట్టిన మోకు) తగిలించేదాకా కడ్డీని కొక్కేనికి ఆనించే ఉంచాలి.

మరో సంగతి. హెలికాప్టర్ కడుపు కింద ఏం జరుగుతోందో పైలట్‌కు కనబడదు. సిబ్బందిలో ఒకరు హెలికాప్టర్ లోపలే బోర్లా పడుకుని, అడుగున ఉన్న కంతలోంచి కిందికి చూస్తూ మైకులో చెబుతుంటే ఆ మాట మీదే పైలట్ నడుపుతారు. కింద ఉన్నవారు అనుకున్న వైపుకు కాక మరోవైపుకు పరిగెత్తితే ఆ లెక్కంతా తప్పుతుంది.

వరదల్లో మిమ్మల్ని ఎక్కించుకోవడానికి తాడు దించినా ఇదే సూత్రం. ఆత్రంగా అందుకోకండి. కొక్కెం ముందు నీటినో డాబానో తాకనివ్వండి.

ప్రశ్న: నా డ్రోన్ 249 గ్రాములే. సహాయక చర్యల్లో ఉన్న వాయుసేన హెలికాప్టర్‌ను దూరం నుంచి చిత్రీకరించవచ్చా?
- విజయవాడ పాఠకుడు

జవాబు: వద్దండీ. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ లైసెన్సు అక్కర్లేదు, అంతవరకే. ఎక్కడైనా ఎగరేయవచ్చని దాని అర్థం కాదు.

2017 సెప్టెంబరు 21 సాయంత్రం న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్ దగ్గర అమెరికా సైన్యపు బ్లాక్‌హాక్ హెలికాప్టర్‌ను ఒక ఫాంటమ్ 4 డ్రోన్ ఢీకొంది. రెక్కకు ఒకటిన్నర అంగుళాల నొక్కు పడింది. హెలికాప్టర్ క్షేమంగా దిగింది. డ్రోన్ మోటారు ముక్క అందులోనే చిక్కుకుని దొరికింది. దాని మీది సీరియల్ నంబరును బట్టి యజమానిని పట్టుకున్నారు. అధికారులు వచ్చి అడిగేదాకా ఢీకొన్న విషయమే ఆయనకు తెలియదు. అప్పుడు డ్రోన్ ఆయనకు దాదాపు నాలుగు కిలోమీటర్ల దూరంలో, కంటికి కనబడకుండా ఎగురుతోంది. మీరు ‘దూరం నుంచి’ అన్నప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఆయనే.

విమానాల జాడ చూపే ఫోన్ యాప్‌ను చూసి ఆకాశం ఖాళీగా ఉందనుకోవడమూ పొరపాటే. సైనిక హెలికాప్టర్లు తమ స్థానాన్ని ప్రసారం చేయకపోవచ్చు. చేసినా, తక్కువ ఎత్తులో ఎగిరేటప్పుడు ఆ సంకేతం రిసీవర్లకు అందకపోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మీ ఊళ్లోనే హెలికాప్టర్లూ ప్రభుత్వ డ్రోన్లూ ఆహారం మోశాయి. ఆ ఆకాశంలోకి ఎవరికీ చెప్పకుండా మరొకటి చొరబడితే, ఆకలితో డాబా మీద ఎదురుచూస్తున్నవారికి పొట్లం అందదు.

ప్రశ్న: రాత్రిపూట వచ్చే హెలికాప్టర్‌కు ఫోన్ టార్చ్ ఊపి చోటు చూపవచ్చా?
- గృహిణి, భద్రాచలం

జవాబు: దూరంలో ఉన్నప్పుడు ఊపవచ్చు. మీ వైపు తిరిగిందని తెలియగానే కాంతిని నేలవైపు దించండి. పైలట్లు పెట్టుకునే నైట్ విజన్ కళ్లద్దాలు చుక్కల వెలుతురునే వేల రెట్లు పెంచి చూపిస్తాయి. వాటిలోకి సూటిగా టార్చ్ పడితే ఎదురుగా ఉన్న కరెంటు తీగ కూడా కనబడదు. ఫోటో తీయాలనిపిస్తే ఫ్లాష్ ఆపేయండి. పిల్లల చేతిలో లేజర్ లైటు ఉంటే ముందే తీసి దాచేయండి.