తీపి వైన్ పక్కన మలై కాజా పెట్టొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్ నుంచి వస్తూ ‘సోటెర్న్’ అనే తీపి వైన్ చిన్న సీసా తెచ్చాడు. ఆదివారం మా ఆడపడుచు వాళ్లు భోజనానికి వస్తున్నారు. మలై కాజాతో ఇస్తే బాగుంటుందా? చేపల పులుసు ఎలాగూ ఉంటుంది. బూజు పట్టిన ద్రాక్షతో చేస్తారని ఎవరో అనేసరికి మా ఆయనకు టెన్షన్ పట్టుకుంది.
– ఒక గృహిణి, కావలి

జవాబు: ముందు మీ ఆయన టెన్షన్ సంగతి చూద్దామమ్మా. బూజు మాట నిజమే, కానీ అది కోరి పట్టించుకునే బూజు. ఈ వైన్ చేసేది ఫ్రాన్స్‌లో బోర్డో నగరం దగ్గర. అక్కడ సిరాన్ అనే చల్లటి ఏరు గారోన్ నదిలో కలుస్తుంది. పంట చేతికొచ్చే రోజుల్లో అక్కడ తెల్లవారుజామున పొగమంచు కమ్మి, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఆ తేమకు బోట్రైటిస్ అనే బూజు ద్రాక్ష తొక్కకు సన్నటి చిల్లులు పెడితే, ఎండకు నీరు ఆవిరై లోపల చక్కెర, పులుపు చిక్కబడతాయి. వాన పట్టుకుందంటే అదే బూజు పంటంతా కుళ్లబెడుతుంది. గుత్తిలో తయారైన పండ్లను మాత్రమే ఏరుతూ కూలీలు ఒకే తోటలో మళ్లీ మళ్లీ తిరుగుతారు. షాతో డికెమ్ తోటలో తీగకు ఒక్క గ్లాసు వైనే వస్తుందంటారు. 1855లో బోర్డో వైన్లకు తరగతులు కట్టినప్పుడు సోటెర్న్‌లో అన్నిటికన్నా పై మెట్టు దానికొక్కదానికే దక్కింది. మీవాడు తెచ్చింది పాడైన సరుకైతే కాదు.

మలై కాజా మాత్రం వద్దు. పాకంలో నానిన కాజా ఆ వైన్ కన్నా తీపి. అది నోట్లో ఉండగా వైన్ తాగితే పులుపొకటే నాలుకకు తగులుతుంది. పక్కన పెట్టేది వైన్ కన్నా తక్కువ తీపిగా ఉండాలి. మన మిఠాయిల్లో అలాంటివి వెతికినా దొరకవు. పులుసూ వద్దు. చింతపండు, మామిడికాయ పులుపు ముందు వైన్ ఉత్త పంచదార నీళ్లవుతుంది. పైగా నెల్లూరు పులుసుకు వేడి అన్నం తప్ప ఇంకో జోడీ ఏమిటి?

ఫ్రెంచివాళ్లు దీన్ని ఉప్పటి రాక్‌ఫోర్ చీజ్‌తోనూ, కొవ్వుపట్టిన బాతు కాలేయంతోనూ తాగుతారు. ఉప్పూ కొవ్వూ ఉంటే చాలన్నమాట. నేను ఓడల్లో వంట చేసిన రోజుల్లో, సీసాల్లో అడుగున మిగిలింది మేం రొయ్యల వేపుడుతో తాగేవాళ్లం. మీరూ అదే చేయండి. పెద్ద రొయ్యలు తీసుకుని పసుపు, ఉప్పు పట్టించి, నేతిలో వేయించి, దించే ముందు మిరియాల పొడి, కరివేపాకు వేయండి. నిమ్మకాయ పిండొద్దు. కారం కొద్దిగా ఉంటే తీపి సర్దేస్తుంది. మరీ ఎక్కువైతే, ఆ వైన్‌లో ఆల్కహాల్ 13, 14 శాతం దాకా ఉంటుంది కాబట్టి, మంట ఇంకా పెరుగుతుంది. రొయ్యలు తిననివాళ్లకు నేతిలో వేయించిన ఉప్పు జీడిపప్పు ఇవ్వండి.

సీసాను ముందే ఫ్రిజ్‌లో పెట్టి, చిన్న గ్లాసుల్లో కొంచెం కొంచెం పోయండి. షుగర్ ఉన్నవాళ్లుంటే చెప్పే పోయండి: ఇలాంటి వైన్‌లో సాధారణంగా లీటరుకు 120 గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది.

ప్రశ్న: చాక్లెట్ కేకుతో ఇదే వైన్ బాగుంటుందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: బాగుండదు. చాక్లెట్ చేదు దాన్ని మింగేస్తుంది. చాక్లెట్‌కు ఫ్రెంచివాళ్లు వాడేది బాన్యూల్స్, స్పెయిన్ సరిహద్దు పక్కన చేసే ఎర్రటి తీపి వైన్. రసం పులుస్తుండగానే అందులో ఘాటు సారాయి కలిపేస్తారు. పులియడం ఆగిపోయి ద్రాక్ష తీపి మిగులుతుంది.

ప్రశ్న: మూత తీసిన సోటెర్న్ ఎన్నాళ్లుంటుంది? మా దగ్గరున్నది వంకాయరంగు తిరిగిన పాత సీసా.
– ఒక పాఠకురాలు, గూడూరు

జవాబు: బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే వారం దాకా ఢోకా లేదు. మామూలు వైన్ అన్నాళ్లు ఆగదు. మీది వంకాయరంగు తిరిగిన పాత సీసా అన్నారు, తెల్ల వైన్ ఎన్నాళ్లున్నా ఆ రంగుకు రాదు. లేబుల్ ఒకసారి సరిగ్గా చదివించుకోండి.