పార్కు గుండ్రంగా ఉంటుందా?

సందేహం: మా కాలనీలో ఖాళీ జాగను పార్కు చేయాలని కరపత్రం రాస్తున్నాం. ఇళ్ల శిథిలాలతో చేసిన టైల్స్, పాత బండలు, టైర్లు వాడాలని ఆలోచన. ‘వృత్తాకార ఆర్థిక వ్యవస్థ సూత్రాలతో పార్కు’ అని రాస్తే, పార్కు గుండ్రంగా ఉంటుందా అని కొందరు అడిగారు. ‘వృత్తాకార’ అనాలా, ‘చక్రీయ’ అనాలా? ‘పునఃవినియోగం’ సరైనదేనా? – ఒక పాఠకురాలు, నల్లగొండ

సమాధానం: అడిగినవాళ్ల తప్పేమీ లేదు. ‘వృత్తాకారం’ ఆకారాన్నే చెబుతుంది. మీరు చెప్పదలచిన ఇంగ్లిష్ మాట ‘సర్క్యులర్ ఎకానమీ’లో ఆకారంతో పని లేదు. వాడిన వస్తువు చెత్తకుప్పకు పోకుండా మళ్లీ వాడకంలోకి రావడమే అక్కడ అసలు సంగతి. అలా తిరిగి రావడాన్ని మనం చక్రంతోనే చెప్పుకుంటాం: ఋతుచక్రం, నీటి చక్రం. వడ్డీ మీద వడ్డీని కూడా చక్రవడ్డీ అన్నాం గానీ వృత్తవడ్డీ అనలేదు. కాబట్టి ‘చక్రీయ ఆర్థిక వ్యవస్థ’ మేలు. ‘సర్క్యులర్’ అని వదిలేస్తే చాలామందికి ఆఫీసు కాగితం గుర్తుకొస్తుంది.

‘పునఃవినియోగం’ తప్పు. ‘పునః’లోని విసర్గ ‘వ’, ‘జ’, ‘న’ లాంటి అక్షరాల ముందు రేఫగా, అంటే ‘ర్’గా మారుతుంది కనుక ‘పునర్వినియోగం’ అనాలి. పునర్జన్మ, పునర్నిర్మాణం ఇలా వచ్చినవే. ‘ప’ ముందు మాత్రం విసర్గ నిలుస్తుంది: పునఃప్రారంభం.

అయితే కరపత్రం చదివేది కాలనీవాళ్లు. వాళ్లకు ఈ రెండు మాటలూ బరువే. మన దగ్గర ‘మర్ల’ ఉంది కదా! ‘మరలు’ అంటే వెనక్కి తిరగడం. దాని నుంచే ‘మరల’, మన వాడుకలో ‘మర్ల’. ‘మళ్లీ’ కూడా ‘మళ్లు’ నుంచి వచ్చిందే. తిరిగి రావడం, ఇంకోసారి చేయడం – రెండూ ఒక్క మాటలోనే ఉన్నాయి. ‘మర్ల వాడుదాం’ అంటే అర్థం కానివాళ్లు ఉండరు.

నాకు అంతకన్నా ఇష్టమైన మాట ‘విప్పు’. పాత పెంకుటింటిని మన ఊళ్లలో కూల్చారని కాదు, ‘ఇల్లు విప్పిండ్రు’ అంటారు. పెంకలు దించి పేర్చేవారు, దూలాలు, వాసాలు, తలుపులు విడిగా తీసేవారు, షాబాద్ బండల్ని పగలకుండా లేపేవారు. అవన్నీ కొత్తింటికో, పశువుల కొట్టానికో పోయేవి. కూల్చితే మిగిలేది కుప్ప, విప్పితే మిగిలేది సామాను. ఈనాటి ఆర్కిటెక్టులు విడదీయడానికి వీలుగా కట్టాలి అంటున్నది ఇదే: సిమెంటుతో అతికించేయకుండా బోల్టులతో బిగిస్తే, రేపు బెంచీని విప్పి ఇంకోచోట వేసుకోవచ్చు. కట్టడాల వ్యర్థాలపై కేంద్రం 2016లో తెచ్చిన నియమాలు కూడా కాంక్రీటు, మట్టి, కట్టె, ఇనుము, ఇటుకలను విడివిడిగా ఉంచమన్నాయి. ఇల్లు విప్పే మేస్త్రీలు అంతకు చాలా ముందు నుంచే ఆ పని చేస్తున్నారు. కాంక్రీటు ఇళ్లు వచ్చాక ‘విప్పు’ పోయి ‘కూల్చు’ మిగలడం నాకు బాధగా ఉంటుంది.

మట్టి సంగతీ అంతే. 2015లో మొదలైన తెలంగాణ చెరువుల పథకం మిషన్ కాకతీయలో చెరువుల్లో తీసిన పూడికమట్టిని రైతులు చేలకు తోలుకున్నారు. చెరువుకు అడ్డమైనది చేనుకు బలమైంది. మీ పార్కులో రాలిన ఆకుల్ని కాల్చకుండా ఎరువు చేస్తామని కూడా ఒక వాక్యం రాయండి.

శీర్షికకు నా సలహా: ‘విప్పిన ఇంటి సామానుతో మన కాలనీ పార్కు’. ‘చక్రీయ ఆర్థిక వ్యవస్థ’ అన్న మాటను మున్సిపాలిటీకి ఇచ్చే దరఖాస్తులో వాడండి.