చైతన్యం మీద బొమ్మలకి ఈజిప్టు కట్టడాల్లో ఏది చూడాలి?

చైతన్యం మీద బొమ్మలు వేయాలనుకుంటున్నానని, ఈజిప్టులో ఏ కట్టడం చూస్తే ఉపయోగమని అడిగారు. నేనైతే కైరో దగ్గరి పాత సమాధుల చోటు సక్కారా వెళ్లమంటాను. అక్కడి జోసర్ అనే రాజు మెట్ల పిరమిడ్ కన్నా, దాని ఉత్తరం వైపు ఆనుకుని ఉన్న చిన్న రాతిగది చూడండి. దాన్ని సెర్దాబ్ అంటారు.

ఈ విషయం మీద నేను మొదట్లో వేసినవన్నీ ఒకటే తీరు: పిరమిడ్, పైన హోరస్ (డేగ తల ఈజిప్టు దేవుడు) కన్ను, చుట్టూ వెలుగు. చూసినవాళ్లు బాగుందని ముందుకు వెళ్లిపోయేవారు. ఏ బొమ్మ దగ్గరా ఎవరూ నిలబడలేదు. అది చాలా బాధపెట్టింది.

సెర్దాబ్‌కి తలుపు లేదు. అన్ని వైపులా మూసేసి, ముందు రాయికి మాత్రం రెండు గుండ్రటి కన్నాలు పెట్టారు. వాటిలోంచి తొంగి చూస్తే లోపల జోసర్ కూర్చుని మనవైపే చూస్తుంటాడు. ఇప్పుడు అక్కడున్నది నకలు. అసలు విగ్రహాన్ని కైరో మ్యూజియానికి తీసుకెళ్లారు, దాని కళ్లలో పొదిగినవి ఎప్పుడో పోయాయి. గది కాస్త వెనక్కి వాలి ఉంటుంది, రాజు చూపు ఉత్తరాకాశం మీద పడేలా. అక్కడ ధ్రువం చుట్టూ తిరిగే నక్షత్రాలు అస్తమించవు కాబట్టి ఈజిప్షియన్లకి అవి నాశనం లేనివి. రాజు చనిపోయాక అతని 'కా', అంటే ప్రాణశక్తి, ఈ విగ్రహంలో ఉండి చూస్తుందని నమ్మారు. ఇది దాదాపు 4,600 ఏళ్ల కిందటి సంగతి. ఆ కన్నాల ముందు నిలబడితే నాకు ఒళ్లు జలదరించింది. బయట అంతా రాయి, లోపల ఒకరు చూస్తూ ఉన్నారు. నేను వేయాలనుకున్నది ఇదే!

ఇంటికొచ్చి ప్లైవుడ్‌తో మనిషి పట్టేంత పెట్టె చేసి, లోపల నల్లరంగు వేసి, రెండు కన్నాలు పెట్టాను. ముందు లోపల మట్టిబొమ్మ పెట్టి బయటి నుంచి చూడమన్నాను. కుదరలేదు. బొమ్మ తీసేసి చూసేవాళ్లనే లోపల కూర్చోబెట్టాను, ఎదురుగా నా కాన్వాస్ పెట్టాను. ఒకావిడ పావుగంట బయటికి రాలేదు. వచ్చాక, "నా ఊపిరి నాకే వినిపించింది" అన్నారు.

అదే సక్కారాలో ఊనస్ అనే మరో రాజు పిరమిడ్ కూడా వదలకండి. లోపలి గోడల నిండా నీలం రంగు అద్దిన అక్షరాలు, కప్పు మీద నక్షత్రాలు.

ఇంకో మాట. మనిషి తల చుట్టూ వెలుగు వేసే ముందు ఆగండి. పాత ఈజిప్షియన్ల లెక్కలో ఆలోచన ఉండేది గుండెలో. మమ్మీ చేసేటప్పుడు మెదడుని తీసి పారేసేవారు, గుండెని మాత్రం ఒంట్లోనే ఉంచేవారు. నా కొత్త బొమ్మల్లో తల చీకట్లో ఉంటుంది, రంగు ఛాతీ దగ్గర మొదలవుతుంది.