శాఖలన్నీ డేటా కలిపేసుకుంటే మనకు మంచిదేనా?

రేషన్, భూమి, బడి, పింఛను, బ్యాంకు వివరాలన్నీ ఒకదానితో ఒకటి ముడిపెడితే పథకాలు సులువుగా అందుతాయా, లేక వస్తున్నవి కూడా ఆగిపోతాయా అని మీరు అడిగారు. రెండూ జరుగుతాయి, రెండూ చూస్తున్నాను. బెంగళూరు కె.ఆర్.పురం దగ్గర ప్రభుత్వ దరఖాస్తులు నింపిపెట్టే సెంటర్ నడుపుతున్నాను. వచ్చేవాళ్లలో సగానికి పైగా తెలుగువాళ్లే. కొందరు బాగేపల్లి, చింతామణి వైపు వాళ్లు. ఇంకొందరు అనంతపురం, కర్నూలు నుంచి బిల్డింగ్ పనులకు వచ్చినవాళ్లు.

ముందు మంచి చెబుతాను. ఒకప్పుడు పిల్లలకు స్కాలర్‌షిప్ కావాలంటే కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం జిరాక్సులు పట్టుకుని బడికీ ఆఫీసుకీ తిరగాలి, ప్రతి కాగితం మీదా సంతకాలు పెట్టించుకోవాలి. ఇప్పుడు కర్ణాటక స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నాడకచేరి (స్థానిక రెవెన్యూ ఆఫీసు) ఇచ్చిన ధ్రువపత్రం మీదుండే ఆర్‌డీ నంబరు కొడితే కులం, ఆదాయం వివరాలు రెవెన్యూ శాఖ నుంచే వచ్చేస్తాయి. బడిలో చదువుతున్న సంగతి విద్యాశాఖ దగ్గరే ఉంటుంది. తాపీ పని చేసే తండ్రికి ఆఫీసుల చుట్టూ తిరిగి పోగొట్టుకునే కూలి మిగులుతుంది. ఇది చిన్న విషయం కాదు.

రైతులకు ‘ఫ్రూట్స్’ అనే రాష్ట్ర ప్రభుత్వ నమోదు వ్యవస్థ ఉంది. ఒక్కో రైతుకు ఒక ఎఫ్‌ఐడీ నంబరు, దానికి ఆయన సర్వే నంబర్లు జత. 2023లో రాష్ట్రంలో 223 తాలూకాలను కరువు ప్రాంతాలుగా ప్రకటించినప్పుడు పరిహారం ఈ వివరాల ఆధారంగానే ఖాతాల్లో పడింది. కానీ పహణి (పొలం రికార్డు) ఇంకా చనిపోయిన తాత పేరు మీదే ఉన్న కుటుంబాలున్నాయి. పొలం దున్నేది మనవడు, కంప్యూటర్‌కు తెలిసింది తాత. రికార్డులో పేరు మారనంత వరకూ ఎంత బాగా లింక్ చేసినా ఆ మనవడు ఎక్కడా కనపడడు.

అసలు చిక్కు పేర్ల దగ్గర. మనవాళ్లకు ఇంటిపేరు ముందు రాసుకోవడం అలవాటు, ఇక్కడ ఇనీషియల్ చివర పెడతారు. ఒకే మనిషి ఆధార్‌లో గంగిరెడ్డి లక్ష్మీదేవి, రేషన్ కార్డులో లక్ష్మీదేవమ్మ, బ్యాంకులో లక్ష్మమ్మ జి. పుట్టినతేదీ చాలామందికి జనవరి ఒకటే, ఎవరో నింపేశారు. ఆధార్ నంబరు రెండువైపులా ఉంటే పోల్చడం తేలిక. లేనిచోట పేరు, వయసు, ఊరు చూసి ‘ఇద్దరూ ఒకరే అయి ఉండవచ్చు’ అని కంప్యూటర్ అంచనా వేస్తుంది. ఈ లెక్కకు 1969లోనే ఫెలెగి, సంటర్ అనే ఇద్దరు గణాంక నిపుణులు సిద్ధాంతం రాశారు. అందులో కచ్చితంగా ఒకరే అన్నవి, కచ్చితంగా కాదన్నవి పోగా మధ్యలో మిగిలే సందేహపు జతల్ని మనిషి కూర్చుని చూడాలన్నారు. మన దగ్గర వదిలేస్తున్నది ఆ మధ్య గుంపునే.

ఇళ్లలో వంటపని చేసుకునే ఒక పెద్దమ్మ ఉంది. భర్త లేడు. ఒక పథకం కింద నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోయింది. చూస్తే, ఆమె జీఎస్టీ కట్టే వ్యాపారి, కాబట్టి అర్హురాలు కాదు అని రాసుంది. ‘నా పేరు మీద ఇంకెవరైనా అంగడి పెట్టారా నాయనా?’ అని భయంగా అడిగింది. ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. పథకం నడిపే ఆఫీసువాళ్లు ‘ఆ జాబితా మాది కాదు, పన్నులవాళ్లది’ అన్నారు. పన్నుల ఆఫీసువాళ్లు ‘ఈమె మా దగ్గర లేనే లేదు, పథకంతో మాకు సంబంధం లేదు’ అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. రెండు శాఖల డేటా కలిసింది, తప్పొస్తే జవాబు చెప్పే బాధ్యత మాత్రం ఏ శాఖలోనూ లేకుండా పోయింది. చివరికి ‘నేను వ్యాపారిని కాను’ అని రుజువు చేసుకునే బరువు ఆమె మీదే పడింది.

పక్క రాష్ట్రంలో ఇది ఎంత పెద్దగా జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. తెలంగాణలో సమగ్ర వేదిక పేరుతో వాహనాలు, ఆస్తులు, కరెంటు బిల్లుల లాంటి వివరాలన్నీ జోడించి అనర్హులను ఏరారు. ఇంటికొచ్చి విచారించకుండా కంప్యూటర్ లెక్కతోనే రేషన్ కార్డులు రద్దు చేశారని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో కోర్టు ఆదేశించింది.

అందుకే నా అభిప్రాయం గట్టిగానే చెబుతున్నాను. లింకింగ్‌ను ముందు మిగిలిపోయినవాళ్లను వెతకడానికి వాడాలి. భర్త మరణం ఇ-జన్మలో (జనన మరణాల రిజిస్టర్‌లో) నమోదవుతుంది, భార్య పేరు రేషన్ కార్డులో ఉంటుంది. ఆ రెండూ కలిపి ‘అమ్మా, మీకు వితంతు పింఛను వస్తుంది, తీసుకుంటారా’ అని ప్రభుత్వమే ఇంటికి రావచ్చు. తీసేయడానికి వాడితే మాత్రం ముందుగా నోటీసు, ఒక మనిషి విచారణ, ఫలానా అధికారి అని పేరుతో సహా బాధ్యత ఉండాలి. కర్ణాటకలో సకాల చట్టం ఉంది కదా, సేవ ఆలస్యమైతే రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం అడగొచ్చు. పొరపాటున తీసేసిన పేరును తిరిగి చేర్చడానికీ అలాంటి గడువే పెట్టాలి.

విధానాలు రూపొందించడానికైతే పేర్లే అక్కర్లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1995 నుంచి ఆసుపత్రి, జనన మరణాల రికార్డులను జోడిస్తున్నారు. అక్కడ జోడించేవాళ్లకు పేరు, పుట్టినతేదీ కనపడతాయి, జబ్బు కనపడదు. పరిశోధించేవాళ్లకు జబ్బు కనపడుతుంది, పేరు కనపడదు. ఏ వార్డులో బడి మానేసే పిల్లలు ఎక్కువ, ఆ ఇళ్లకు రేషన్ అందుతోందా అని తెలుసుకోవాలంటే మన దగ్గరా ఇదే పద్ధతి చాలు.

ఇక మీ ఇంటి సంగతి. పెద్దవాళ్ల ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. ఆధార్‌కు చివరగా లింక్ అయిన ఖాతాలోకే డబ్బు వెళ్తుంది, కాబట్టి ‘రాలేదు’ అనుకునే ముందు ఆ ఖాతా ఏదో బ్యాంకులో అడగండి. డీబీటీ కర్ణాటక యాప్‌లో ఏ పథకం సొమ్ము ఏ ఖాతాలో పడిందో కనపడుతుంది. పేరు తీసేశారని తెలిస్తే కారణం నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే ఆర్‌టీఐ వేయండి. దరఖాస్తులో ‘ఏ శాఖ జాబితా ఆధారంగా తీసేశారు’ అన్న ప్రశ్న తప్పకుండా రాయండి.