ఇంగ్లండ్‌లో టూరిస్టుల గోల లేని పాత పల్లెటూరు ఏదైనా చెప్పండి, వీకెండ్‌లో పోయి రావాలి

అందరూ టూరిస్టులు ఎగబడే కాట్స్‌వోల్డ్స్ పల్లెలకి పొమ్మనే చెప్తరు, గోల వద్దన్నరు కాబట్టి నేనైతే లాక్స్‌టన్ అంట. నాటింగ్‌హామ్‌షైర్‌లో, న్యూఆర్క్‌కి ఉత్తరాన. నాటింగ్‌హామ్‌లో ఉన్నప్పుడు ఒక కొలీగ్ చెప్తే నవంబర్ చివర్లో పోయిన. చూడంగనే ఇదేంది అనిపించింది, ఒక చర్చి, ఒక పబ్, ఎర్ర ఇటుక ఇళ్ళు, కోట అన్నది కూడా ఇప్పుడు గడ్డి మొలిచిన మట్టి దిబ్బే.

అసలు సంగతి పొలాల్లో ఉంది. ఇంగ్లండ్‌లో దాదాపు అంతటా ఎవరి పొలానికి వాళ్ళు కంచె కట్టుకున్నా ఇక్కడ మాత్రం మధ్యయుగాల పద్ధతి ఇంకా నడుస్తుంది, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలు, నడుమ కంచెల్లేవు, రైతులకి వాటిల్లో పట్టీలు పట్టీలుగా భూమి. ఒకదాంట్ల చలికాలం గోధుమ, ఒకదాంట్ల వసంతంలో వేసే పంట, మూడోది పడావు, ఏటేటా మారుతది. 1635లో గీసిన మ్యాప్‌లో ఆ పట్టీలు దువ్వెన పళ్ళ లెక్క సన్నగుంటయి, 20వ శతాబ్దం మొదట్లో చాలా కలిపేసిన్రు. ఇళ్ళు కూడా మన ఊర్ల లెక్కనే, అందరూ వీధెంబడి ఉంటరు, పొలాలు ఊరి బయట.

నా అదృష్టం, ఆ రోజు జ్యూరీ డే. జ్యూరీ అంటే ఆ ఊరి రైతులే, కొత్తగా గోధుమ వేసిన పొలమంతా తిరిగి ఎవరన్నా దున్నుకుంట దున్నుకుంట గడ్డి బాటలోకి జరిగిన్రా అని చూసి హద్దుకి గుంజ కొడతరు, వారం తర్వాత ఊరి సొంత కోర్టు, తప్పుంటే జరిమానా. ఒక పెద్దాయన బూటు మడమతో సాలు అంచు నొక్కి, రెండడుగులు వెనక్కి పోయి, ఇక్కడ అని చూపిస్తే గుంజ దిగింది, ఎవ్వరూ మారు మాట్లాడలే. అదే రెండడుగుల గెట్టుకి మా పెదనాయన, పక్క చెల్కాయన పదకొండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగిన్రు!

భూమి ఓనర్లు మారిన్రు, 1952లో ప్రభుత్వం కొన్నది, 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ అనే ప్రైవేటు జమీందారీకి పోయింది, పద్ధతి మాత్రం అట్లనే ఉంది.

కారుంటేనే పోండి. ముందు డవ్‌కోట్ ఇన్ పబ్ పక్కన చిన్న విజిటర్ సెంటర్ ఉంటది, అది చూశాకే పొలాలకి పోండి, లేకపోతే నా లెక్కనే ఏముంది ఇక్కడ అనుకుంటరు. వాన పడ్డాకైతే రబ్బరు బూట్లు తప్పనిసరి, ఆ బంకమట్టిల నా స్నీకర్స్ ఒకటి ఇరుక్కుపోతే సాక్స్ మీదనే గుంజి తీసుకున్న.