సభ పెట్టే ముందు ఓసారి చదువు, చిన్నోడా

చిరంజీవి చిన్నోడికి, రాజోలు నుంచి మీ అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. పక్క ఊళ్ళో ప్రార్థన మందిరం అద్దాలు పగలగొట్టారట కదా. దాని మీద నువ్వూ మీ యౌవనస్థుల కూటమి పిల్లలూ కలిసి వచ్చే శనివారం నరసాపురంలో సభ పెడుతున్నారనీ, హిందువుల్నీ ముస్లింలనీ కూడా పిలుస్తున్నారనీ, మాట్లాడేది నువ్వేననీ చెప్పాడు. "దేవుడి పేరుతో ద్వేషం, మన జవాబు" అని కరపత్రం కూడా వేయించావట. వాడి గొంతులో భయం ఉంది. కాస్త గర్వం కూడా ఉంది, దాచుకోలేకపోయాడు. నాకూ అంతే. సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తయ్యా, సరే" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చూస్తావని రాస్తున్నాను.

ముందు మామూలు సంగతులు. పోలీసుల అనుమతి కాగితం మీద తీసుకో, నోటి మాట వద్దు. చీకటి పడకముందే ముగించండి. ఊరేగింపు వద్దు. ఆడవాళ్ళకి కుర్చీలు ముందు వరసలో వేయించు. పాట ఒకటి చాలు. కొబ్బరాకు పందిరి మాత్రం వేయించకు, చర్చి హాలో రేకుల షెడ్డో చూసుకో. నువ్వు నవ్వుతావని తెలుసు. గోదావరి లంకలో తాటాకిళ్ళ వరస వరసంతా ఒక్క మధ్యాహ్నంలో బూడిదైపోవడం చూసినదాన్ని, నాకు నవ్వు రాదు. అద్దాలు పగిలిన సంఘం వాళ్ళ చేత కంప్లయింటు కూడా ఇప్పించు. "క్షమించేశాం, కేసెందుకు" అని పెద్దమనుషులు అంటారు, వినకు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. 1999 జనవరి గుర్తుందా నీకు? ఎలా ఉంటుంది, అప్పటికి నువ్వు పుట్టనే లేదు.

ఒడిశాలో బారిపద అనే ఊళ్ళో గ్రాహం స్టెయిన్స్ అని ఒక ఆస్ట్రేలియా ఆయన ఉండేవాడు. 1965 నుంచి అక్కడే ఉండి కుష్ఠు రోగులకు సేవ చేశాడు. జనవరి 22 రాత్రి కెంఝర్ జిల్లాలో మనోహర్‌పూర్ అనే పల్లెలో, చలికి బండిలోనే పడుకున్నాడు. పక్కన ఇద్దరు కొడుకులు. పదేళ్ళ ఫిలిప్, ఆరేళ్ళ తిమోతి. ఒక గుంపు వచ్చి బండికి నిప్పు పెట్టింది. ముగ్గురూ కాలిపోయారు. పేపర్లో చదివిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఆ తర్వాతి వారం నేను పనిచేసే ఊళ్ళో సంఘాలన్నీ కలిసి ర్యాలీ తీశాయి. నేనప్పుడు స్త్రీల సమాజం కార్యదర్శిని. బాగా మాట్లాడతానని పేరు. సెంటర్లో ఆటో మీద మైకు కట్టి నా చేతికిచ్చారు. ఏలీయా ప్రవక్త కాలంలో దేవుడు అగ్నితో జవాబిచ్చాడని మొదలుపెట్టాను. ఆ అగ్ని ఇప్పుడూ దిగాలన్నాను. జనం హల్లెలూయా అంటున్నారు. అది వింటుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. "రాళ్ళకు మొక్కేవాళ్ళ చేతుల్లో రాళ్ళు కాక ఇంకేముంటాయి" అన్నాను. చప్పట్లు మారుమోగిపోయాయి. ఆ మాట ముందు రోజు రాత్రి అన్నం కలుపుతూ అల్లుకున్నాను నాయనా. అప్పటికప్పుడు నోరు జారింది కాదు. పరిశుద్ధాత్మ పలికించాడని ఆ రోజు అనుకున్నాను. నాకు దొరికింది చప్పట్లే.

సెంటర్ మూల మీద ఒక గోలీ సోడా బండి ఉండేది. బండి ముందు వెంకటేశ్వరస్వామి పటం, దానికి రోజూ మల్లెలో కనకాంబరాలో. ర్యాలీ అని తెలిసినా ఆయన బండి మూయలేదు. అరగంట ముందు నేనే అక్కడ నిమ్మసోడా తాగాను. చిల్లర లేకపోతే "తర్వాత ఇద్దురుగాని టీచరుగారూ" అన్నాడు. ఆయన కూతురు పదో తరగతి. రెండేళ్ళుగా సాయంత్రాలు మా ఇంటికి లెక్కల ట్యూషన్‌కి వచ్చేది.

నా మాట పూర్తయ్యీ కాకముందే రాయి పడింది. విసిరింది రౌడీ కాదు. వాక్యాలు అప్పజెప్పే పోటీలో ఏటా ఫస్టు వచ్చే మన సండే స్కూలు కుర్రాడే. ఒకటి పడ్డాక ఇంకో నాలుగు పడ్డాయి. సీసాలు పగిలిపోయి గోలీలు రోడ్డంతా దొర్లాయి. చిన్నపిల్లలు వాటిని ఏరుకుంటున్నారు. ఆయన గల్లాపెట్టె వైపు చూడలేదు, ముందు పటం తీసి గుండెకి హత్తుకున్నాడు. కనుబొమ్మ తెగి రక్తం కారుతోంది.

మైకు నా చేతిలోనే ఉంది. "ఆపండి" అంటే ఆగేవాళ్ళు, నా విద్యార్థులే సగం మంది. నేను అననేలేదు. "ప్రార్థన చేసుకుందాం" అన్నాను. అని కళ్ళు మూసుకున్నాను.

ఆ రెండు నిమిషాలు ఏం ప్రార్థించానో ఒక్క ముక్క గుర్తు లేదు. కళ్ళు ఎందుకు మూసుకున్నానో మాత్రం బాగా గుర్తుంది.

ఆ రోజుల్లోనే స్టెయిన్స్ భార్య గ్లాడిస్ గారి మాటలు పేపర్లో వచ్చాయి. భర్తనీ పిల్లల్నీ చంపినవాళ్ళని క్షమించానని. ఆవిడకి మిగిలింది ఒక్క కూతురు. అయినా దేశం వదిలి పోలేదు, ఇంకో ఐదేళ్ళు ఉండి ఆ రోగుల్నే చూసుకున్నారు. 2005లో పద్మశ్రీ ఇచ్చారు. ఆవిడ క్షమించారని కేసేమీ ఆగలేదు. కింది కోర్టు, హైకోర్టు, చివరికి 2011లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, ప్రధాన నిందితుడికి యావజ్జీవం ఖాయమైంది. కంప్లయింటు ఇప్పించమన్నది అందుకే. పగ మన దగ్గర ఉంచుకోకూడదు, శిక్ష సంగతి కోర్టు చూసుకుంటుంది. అన్నీ పోగొట్టుకున్నావిడ నోట ఆ మాట వచ్చింది. ఏమీ పోగొట్టుకోని నేను ఆకాశం నుంచి అగ్ని అడిగాను. పేపరు మడిచి బీరువా మీద పెట్టేశాను, మళ్ళీ తీయలేదు.

సోడా బండి ఆయన దగ్గరికి వెంటనే వెళ్ళానా? లేదు. సంఘ పెద్దలు వెళ్ళాలి కదా అనుకున్నాను. కమిటీలో ఎత్తుదామనుకున్నాను. మూడు వారాలు గడిచాక పాస్టరమ్మగారిని తోడు తీసుకుని, కవర్లో ఐదు వందలు పెట్టుకుని వెళ్ళాను. కుట్లు ఎండిపోయి ఉన్నాయి. ఆయన కవరు తీసుకుని పలకరింపుగా నవ్వి, సీసాల లెక్క చెప్పాడు. మూడు డజన్లు. సీసా ఖరీదు కట్టి, మిగతా డబ్బు తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఆ రోజు నిమ్మసోడా కూడా పట్టుకున్నానండి" అన్నాడు. క్షమించమన్నాను. "అయ్యో, మీరేం చేశారండీ" అన్నాడు. వెక్కిరింపో మర్యాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

అమ్మాయి ట్యూషన్‌కి రావడం లేదేమండీ అని అడిగాను. పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. "ఆడపిల్ల కదండీ, చీకటి పడుతోంది" అన్నాడు. రెండేళ్ళూ ఆ చీకట్లోనే వచ్చింది ఆ పిల్ల. మళ్ళీ మా గడప ఎక్కలేదు. ఆ ఏడు పాసయిందో లేదో అడిగే మొహం నాకు లేకపోయింది.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. పోయిన నెల మీ కూటమి వాట్సాప్ గ్రూపులో ఒక ప్రసంగీకుడి వీడియో తిరిగింది. హిందూ దేవుళ్ళ మీద జోకులు, కింద జనం నవ్వులు. నువ్వు పెట్టలేదు, నాకు తెలుసు. కానీ కింద దండం బొమ్మ పెట్టావు. అలవాటుగా నొక్కేశాను అంటావేమో. నేనూ అలవాటుగానే కళ్ళు మూసుకున్నాను. శనివారం నీ ప్రసంగంలో ఆ వీడియో మాట వస్తుందా? రాకపోతే ముందు కుర్చీల్లో కూర్చున్న మస్తాన్ సాహెబులూ శాస్త్రిగార్లూ నీ మాటలు మర్యాదగా విని, టీ తాగి వెళ్ళిపోతారు. పైగా మా పక్కింటి లాయరుగారు చెప్పారు, కావాలని ఒక మతాన్ని అవమానిస్తే పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 295ఏ, 2024 జూలై నుంచి వచ్చిన కొత్తదాంట్లో సెక్షన్ 299 అట. అది అద్దాలు పగలగొట్టినవాళ్ళ వైపే కాదు, మన వైపూ చూస్తుంది.

మనం లూథరన్లం, అక్టోబరు 31, సంస్కరణ దినం వస్తే మన సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ గారి గొప్పలు చెప్పుకుంటాం. చెప్పుకోవలసినవే. కానీ ఆయనే 1543లో యూదుల సమాజమందిరాలు తగలబెట్టమని, ఇళ్ళు కూల్చమని, ప్రార్థన పుస్తకాలు లాక్కోమని రాశాడు. నాలుగు వందల ఏళ్ళకి, 1938 నవంబరు 9 రాత్రి, జర్మనీలో వందల సమాజమందిరాలు నిజంగానే కాలాయి. తెల్లారితే నవంబరు 10, లూథర్ పుట్టినరోజు. నాజీలు ఆయన రాతల్ని సంతోషంగా వాడుకున్నారు. అదే సంఘంలోంచి బాన్‌హాఫర్ లాంటి పాస్టరు హిట్లర్‌కి ఎదురు తిరిగి 1945లో ఉరికంబం ఎక్కాడు, అది కూడా చెప్పు. అమెరికా లూథరన్ సంఘం 1994లో, ఆ రాతలు తప్పని, మాకు వద్దని బహిరంగంగా ప్రకటించింది. ఈ ముక్క మన పిల్లలకి సండే స్కూల్లో నేనెప్పుడూ చెప్పలేదు. నువ్వు చెప్పు. అవతలివాళ్ళ ముందు మన ఇంటి చెత్త ఎందుకని మీ నాన్న అంటాడు. వాణ్ణి నాకు వదిలెయ్.

వాక్యం ఏది తీసుకోవాలని మీ నాన్నని అడిగావట. లూకా సువార్త 9వ అధ్యాయం తీసుకో. సమరయుల ఊరు యేసుని రానివ్వలేదు. యాకోబు, యోహాను ఆకాశం నుంచి అగ్ని రప్పించమంటావా అని అడిగారు. ఆయన గద్దించింది ఎవరిని? ఊరివాళ్ళని కాదు, శిష్యుల్ని. గద్దించి వేరే ఊరికి నడిచాడు. తర్వాతి అధ్యాయంలోనే, దారిలో దెబ్బలు తిని పడున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ. నలభై ఏళ్ళు రెండూ విడివిడిగా బోధించాను, పక్కపక్కన ఉన్నాయని రిటైరయ్యాక గానీ కనిపించలేదు. "మిమ్మును చంపు ప్రతివాడు తాను దేవునికి సేవచేయుచున్నానని అనుకొను కాలము వచ్చుచున్నది" అన్న యేసు మాట కూడా వాడుకోవచ్చు. కానీ దాన్ని అవతలివాళ్ళ మీదికి మాత్రమే తిప్పకు.

2020 సెప్టెంబరులో అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయినప్పుడు ఇక్కడ మేమెంత టెన్షన్ పడ్డామో నీకు తెలుసు. మన గ్రూపులో ఒకాయన "దేవుని తీర్పు" అని పెట్టాడు. ఈసారి మూడు వారాలు ఆగలేదు. ఐదు నిమిషాల్లో ఫోన్ చేసి తీయించాను, నాలుగు మాటలు అన్నాను కూడా. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. తెల్లారి మా ఎదురింటి అమ్మాయి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. తీర్థానికి ఏటా ఆ రథం చూసేదాన్నే అని ఆ పిల్ల ఏడుస్తోంది. నేను ప్రార్థన చెయ్యలేదు, వాక్యం చెప్పలేదు. కాఫీ పెట్టాను. మర్నాడు మా ఇంటికి పులిహోర వచ్చింది.

నీ మీద నాకు నమ్మకం లేక ఇదంతా రాయడం లేదు. చిన్నప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు నా చీర కొంగు వేలికి చుట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకునేవాడివి. అవతలి ఒడ్డుకి వచ్చాక "నాకేం భయం వెయ్యలేదు" అనేవాడివి. నువ్వు ధైర్యవంతుడివే. నాకు భయం నీ ధైర్యం గురించి కాదు, నీ మాటకారితనం గురించి. అది మా వైపు నుంచి వచ్చింది.

శనివారం పొద్దున్నే పంటు దాటి వస్తాను. మోకాళ్ళు సహకరించకపోయినా వస్తాను, రేవు దగ్గరికి బండి పంపు. వెనక వరసలో కూర్చుంటాను, వేదిక మీదికి పిలవకు. ఎవరైనా అరిస్తే, రాయి పడితే, ప్రార్థన అని కళ్ళు మూసుకోకు. మైకు సెట్టుకి అడ్వాన్సు ఇచ్చేశావా? ఇవ్వకపోతే ఆగు. పెద్ద బాక్సులు వద్దు, హాలుకి సరిపడే చిన్నది చాలు.

మీ అత్తయ్య